బరువు నిలకడ: ఆకలి తగ్గించే మందులు, పల్నాటి కంచం

ఆకలి తగ్గించే మందులు వాడేవారిలో కొన్ని నెలలు వరుసగా తగ్గిన బరువు ఒకచోట ఆగిపోయి, తిండి పెరగకపోయినా కాటా ముల్లు కదలని దశే బరువు నిలకడ. 'మందు పనిచేయడం మానేసింది' అంటూ డాక్టరు దగ్గరికి వెళ్లేది ఎక్కువగా అప్పుడే. నిజానికి మందు పనిచేస్తుండగానే ఈ దశ వస్తుంది, రానివారు అరుదు. ఎన్ని వారాలు కదలకపోతే నిలకడ అనాలో పరిశోధకులందరూ ఒప్పుకున్న నిర్వచనం లేదు. నెలలోపు ఆగుదలను పట్టించుకోనక్కర లేదు. ఉప్పు, నీరు, మలబద్ధకం, స్త్రీలలో నెలసరి కలిస్తే కిలో పైన తేడా రావడం మామూలే.

మందులు

పాత తరం మందులకు మంచి పేరు లేదు. ఫెన్‌ఫ్లూరమిన్ గుండె కవాటాలను దెబ్బతీస్తోందని తేలి 1997లో అమెరికా మార్కెట్ నుంచి పోయింది. సిబుట్రమిన్‌ను భారత ప్రభుత్వం 2011లో నిషేధించింది. ఇప్పటివి పేగులో పుట్టే జీఎల్‌పీ-1 హార్మోనును అనుకరిస్తాయి. సెమాగ్లూటైడ్ మధుమేహ మాత్రగా 2022లోనే దేశంలోకి వచ్చింది. వారానికో సూదిగా టిర్జెపటైడ్ (మౌంజారో) 2025 మార్చిలో, సెమాగ్లూటైడ్ (వెగోవీ) అదే ఏడాది జూన్‌లో వచ్చాయి. సెమాగ్లూటైడ్‌కు భారత పేటెంటు గడువు 2026 మార్చి వరకే. అంతకుముందే, 2025 డిసెంబరులో, పేటెంటు లేని దేశాలకు ఎగుమతి చేసేందుకు దాన్ని తయారుచేసుకోవచ్చని ఢిల్లీ హైకోర్టు హైదరాబాదు మందుల కంపెనీ డాక్టర్ రెడ్డీస్‌కు వెసులుబాటు ఇచ్చింది.

వెగోవీని 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నెలకో మెట్టు పెంచుతూ 2.4కు చేరుస్తారు. ఇందుకు నాలుగు నెలలు పడుతుంది. మొదటి మెట్లు కడుపుకు అలవాటు చేయడానికే కాబట్టి ఆ నెలల్లో బరువు ఆగితే దాన్ని నిలకడ కింద రాయకూడదు.

ఎందుకు ఆగుతుంది

దీనికి రెండు వివరణలున్నాయి. మొదటిది, శరీరం ఖర్చు తగ్గించుకుంటుందన్నది. లైబెల్, రోజెన్‌బామ్, హిర్ష్ 1995లో చూపింది ఇదే: బరువు పదో వంతు తగ్గితే, తగ్గిన ఒంటికి ఉండాల్సిన దానికన్నా ఖర్చు ఇంకా తక్కువగా ఉంటుంది. అయితే బరువు కొన్ని వారాలు స్థిరపడ్డాక కొలిస్తే ఆ అదనపు తగ్గుదల స్వల్పమేనని తర్వాతి కొలతలు కొన్ని అంటున్నాయి. రెండోది కెవిన్ హాల్ బృందం 2016లో ప్రకటించింది. మూత్రంలో చక్కెరను పంపేసే కానాగ్లిఫ్లోజిన్ వాడిన రోగులు తమకు తెలియకుండానే రోజూ కొన్ని కేలరీలు పోగొట్టుకున్నారు. వాళ్ల లెక్క ప్రకారం తగ్గిన ప్రతి కిలోకూ రోజువారీ ఖర్చు 20–30 కేలరీలే తగ్గగా, తినాలన్న కోరిక సుమారు 100 కేలరీలు పెరిగింది. పది కిలోలు తగ్గిన మనిషిని వెనక్కి లాగేది ప్రధానంగా ఆకలేనన్నమాట. 'మెటబాలిజం చచ్చిపోయింది' అన్న వాడుక మాట కన్నా ఈ లెక్కే గట్టిది. సూదిమందు ఆ లాగుడును బలహీనపరుస్తుంది తప్ప తీసేయదు. అందుకే నిలకడ ఆలస్యంగా, మరికాస్త తక్కువ బరువు దగ్గర వస్తుంది. 1,961 మందితో జరిగిన స్టెప్-1 పరీక్షలో సెమాగ్లూటైడ్ వాడినవారి సగటు తగ్గుదల 68 వారాలకు 14.9 శాతం. గీత దాదాపు 60వ వారానికే చదునైంది.

పల్నాటి కంచం

శ్రీనాథుడివని చెప్పే చాటువులు పల్నాటి జొన్నకూటిని ఎగతాళి చేశాయి. వాటి కర్తృత్వం తేలలేదు. ఆ జొన్న స్థానంలో కంచంలోకి వరి ఎప్పుడు వచ్చిందన్నదానికి రెండు కథలున్నాయి: 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలడం ఒకటి, 1983 నాటి రెండు రూపాయల కిలో బియ్యం మరొకటి. పల్నాడులోని బొల్లాపల్లి వంటి మెట్ట మండలాలకు రెండోదే ఎక్కువ సరిపోతుంది. ఇప్పుడు 'మళ్లీ జొన్నకు మారితే బరువు దిగుతుంది' అంటున్నారు. కేలరీల్లో తేడా కొద్దిపాటిదే: వంద గ్రాముల బియ్యానికి సుమారు 356, జొన్నకు 334. జొన్న మేలంతా పీచులో ఉంది. ఈ మందులతో వచ్చే మలబద్ధకానికి అది పనికొస్తుంది.

అసలు చిక్కు మాంసకృత్తులది. ఈ వైపు ఇంటి భోజనమంటే అన్నం, పప్పు, వేపుడు, రోటి పచ్చడి, చివర్లో పెరుగు. సూది వేసుకున్నాక వికారానికి మాంసం వాసన పడదు, పప్పన్నం బరువనిపిస్తుంది. చివరికి మిగిలేవి పొద్దున రెండిడ్లీలు, పచ్చడి మెతుకులు, మజ్జిగన్నం. రోజుకు 150 గ్రాముల బియ్యం తిన్నా వచ్చే మాంసకృత్తులు 12 గ్రాములే, ఇడ్లీ, మజ్జిగ కలిపితే 20 చుట్టూ. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కిలో బరువుకు 0.83 గ్రాములు చెబుతుంది, అంటే 70 కిలోల మనిషికి 58. బరువు తగ్గే రోజుల్లో ఇంకా ఎక్కువ తినమనే వైద్యులే ఎక్కువ (మూత్రపిండాల జబ్బున్నవారి సంగతి వేరు). రెండు గుడ్లు, 50 గ్రాముల కందిపప్పు, వంద గ్రాముల కోడికూర, కప్పు పెరుగు, గుప్పెడు వేరుసెనగలు ఉంటే ఆ లెక్క దాటుతుంది. కోడికూర లేని రోజు ఉలవలు, సెనగలు. నాలుగు ముద్దలకే కడుపు నిండే మనిషి గుడ్డు, పప్పు ముందు తిని అన్నం చివరికి పెట్టుకోవాలి.

మాంసకృత్తులు చాలకపోతే కండ కరుగుతుంది. స్టెప్-1లో స్కాన్ తీసిన కొద్దిమందిలో తగ్గిన బరువులో దాదాపు 40 శాతం కొవ్వు కానిదే. కండ తగ్గితే ఖర్చూ తగ్గుతుంది. నడక ఒక్కటే చాలదు, కండరాలకు బరువు పని కావాలి. వినుకొండలో రామలింగేశ్వరస్వామి కొండ ఎక్కడం కాళ్లకు పనికొస్తుంది గానీ మోకాళ్లు బాగున్నవారికే.

లెక్కలోకి రానివి తాగేవి. రెండు చెంచాల పంచదారతో ఆరు టీలు తాగితే ఒక్క పంచదారవే 240 కేలరీలు. ఆకలి చచ్చినా టీ అలవాటు చావదు.

నిల్వ

తెరవని పెన్నును 2–8 డిగ్రీల మధ్య ఉంచాలి. వాడుతున్నదైనా 30 డిగ్రీలు దాటకూడదు. రెంటచింతల ఎండలున్న పల్నాడు జిల్లాలో మే నెలలో ఫ్రిజ్ లేకుండా ఇది కుదరదు. ఎండదెబ్బ తిన్న మందు వల్ల బరువు ఆగే అవకాశాన్ని కొట్టిపారేయలేం.

మధుమేహం, మందు ఆపడం

షుగరు ఉన్నవారిలో తగ్గుదల మొదటి నుంచీ తక్కువే. వారితో జరిగిన స్టెప్-2 పరీక్షలో సెమాగ్లూటైడ్ అదే 2.4 మోతాదుకు, అదే 68 వారాలకు 9.6 శాతం. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ బరువు పెంచగలవు కాబట్టి నిలకడ రాగానే వైద్యులు ముందు మందుల చీటీ చూస్తారు. బరువు ఆగిందని మందే మానేస్తే ఫలితం వేరు. స్టెప్-1 తర్వాత సూది ఆపినవారిని ఏడాది చూడగా, తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది.