తుపాను వేళ వంటకు చిన్న సిలిండరు.. నింపే చోటే ముప్పు

తుపాను దాటిన మరునాడే వంటింట్లో గ్యాస్ నిండుకుంటే కలిగే ఇబ్బంది ఉత్తరాంధ్ర తీరవాసులకు కొత్త కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖపట్నాన్ని, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం జిల్లాను తాకినప్పుడు చెట్లు కూలి దారులు మూసుకుపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు. అటువంటి సమయంలో ఆదుకొనేందుకు పలువురు ఇంట్లో ఒక చిన్న సిలిండరును అదనంగా ఉంచుకొంటున్నారు. ఆలోచన మంచిదే. అయితే ఖాళీ అయిన ఆ సిలిండరును తిరిగి ఎక్కడ, ఎలా నింపిస్తున్నారన్నదే అసలు ప్రశ్న.

బజారులో పొయ్యిలు బాగుచేసే కొన్ని దుకాణాల్లో 14.2 కిలోల గృహావసర సిలిండరును తలకిందులు చేసి, గొట్టం ద్వారా చిన్నదానిలోకి గ్యాస్ ఎక్కిస్తారు. ఇది చట్టవిరుద్ధం. పైగా ఎంత ఎక్కిందో కొలత ఉండదు. సిలిండరులో గ్యాస్ ద్రవరూపంలో ఉంటుంది. ప్లాంటులో నింపేటప్పుడు సుమారు అయిదింట నాలుగు వంతులకు మించనీయరు. ఎండకు ద్రవం వ్యాకోచించినప్పుడు సర్దుకొనేందుకే ఆ ఖాళీ. అంచుదాకా నింపితే ఆ చోటు ఉండదు, కొద్దిపాటి వేడికే ఒత్తిడి విపరీతంగా పెరిగి సిలిండరు పగిలే ప్రమాదం ఉంది. నింపే సమయంలో కారిన గ్యాస్ గాలికన్నా బరువైనది కనుక నేలబారుగా పాకి, దూరాన ఉన్న నిప్పును సైతం అందుకొంటుంది.

చమురు సంస్థల 5 కిలోల సిలిండరు ఇందుకు సరైన మార్గం. ఇండియన్ ఆయిల్ దీనిని ‘ఛోటూ’ పేరిట విక్రయిస్తోంది. చిరునామా ధ్రువపత్రం అక్కరలేదు, గుర్తింపు కార్డు చాలు. ఖాళీది ఇచ్చి నిండినది మార్చుకోవచ్చు. రాయితీ లేనందున కిలో ధర ఎక్కువే పడుతుంది. ఆ తేడాకు వెనుకాడి బజారు సిలిండరును ఆశ్రయించడం తగదు. పెద్ద సిలిండరు నలభై రోజులు వచ్చే ఇంట్లో ఇది రెండు వారాల వంటకు సరిపోతుంది.

తీసుకొనేటప్పుడు తూకం వేయించాలి. సిలిండరుపై ముద్రించిన ఖాళీ బరువుకు 5 కిలోలు కలిపితే మొత్తం సరిపోవాలి. పైభాగంలోని పట్టీ లోపలివైపు ఒక అక్షరం, రెండు అంకెలు ఉంటాయి. ‘బి–28’ అంటే 2028 ఏప్రిల్, జూన్ నెలల మధ్య పరీక్షకు పంపవలసినదని అర్థం. ఎ జనవరితో, సి జులైతో, డి అక్టోబరుతో మొదలయ్యే త్రైమాసికాలు. గడువు దాటినదైతే తిరస్కరించవచ్చు.

అదనపు సిలిండరును మూత బిగించి, నిలువుగా, గాలి ఆడే చోట ఉంచాలి. మంచం కింద, అలమరలో దాచడం చాలామందికి అలవాటు, అది మానుకోవాలి. వరద వచ్చే ఇళ్లలో మరో జాగ్రత్త అవసరం. సుమారు 33 లీటర్ల పరిమాణం గల పెద్ద సిలిండరు నిండుగా ఉన్నా బరువు దాదాపు 30 కిలోలే కనుక నీటిపై తేలి కొట్టుకుపోతుంది. రెగ్యులేటరు తీసి, గొలుసుతో గట్టిగా కట్టివేయాలి. వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా తలుపులు తెరచి, బయటకు వచ్చి 1906 నంబరుకు ఫోన్ చేయాలి.