విత్తేశాక శాంపిల్ ఎక్కడిది?

"విత్తనం ల్యాబుకి పంపించారా?" నాసి విత్తనాల మీద కన్జ్యూమర్ కోర్టుకెళ్ళిన రైతుని అవతలి లాయరు అడిగే ప్రశ్న ఇది. మా అనంతపురంలో పదునైందంటే ఉన్న శెనక్కాయ విత్తనమంతా గొర్రుకి పెట్టేస్తారు. తేమ ఆరితే మళ్ళీ వాన ఎప్పుడో! ల్యాబు కోసం దాచేదెవరండీ?

వచ్చే నెల మా మామకి వాయిదా. "గింజ కూడా మిగల్లేదు కదప్పా" అని ఒకటే దిగులు. మాన్యువల్ చదవకుండా సర్వర్ మీద చెయ్యి వెయ్యం కదా, అందుకే పాత తీర్పులు తిరగేశాను.

1966 విత్తన చట్టం ప్రకారం తప్పు చేసినవాడికి మొదటిసారి జరిమానా 500 రూపాయల దాకా. రైతుకి నష్టపరిహారం? ఆ ఊసే లేదు. అందుకే 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక ఆంధ్రా రైతులు ఆ దారి పట్టారు. గెలిచారు కూడా. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ సుప్రీంకోర్టుకెక్కింది. విత్తన చట్టం ఉండగా ఇక్కడికెందుకొచ్చారు, పంట అమ్ముకునేవాడు వినియోగదారుడెలా అవుతాడు, ల్యాబు రిపోర్టేది అంది. సర్కారు కంపెనీయే ఇలా వాదించడం నాకైతే మింగుడుపడలేదు.

2012 జనవరిలో కోర్టు ఈ మూడూ కొట్టేసింది. కొన్న విత్తనం రైతు మొత్తం విత్తేస్తాడు, అది చెడ్డదని ముందే ఊహించి దాచుకోడు, పరీక్ష కావాలంటే కంపెనీయే శాంపిల్ పంపమని అడగాల్సింది అని చెప్పింది. అలాగని ఒట్టి చేతులతో వెళ్తే కుదరదు. ఆ రైతుల పక్షాన పొలం చూసిన నిపుణుల నివేదికలున్నాయి మరి.

ఇప్పుడు నడుస్తున్నది 2019 చట్టం. ల్యాబు సంగతి 38వ సెక్షన్లో, వేరే చట్టాలున్నా ఈ దారి మూసుకుపోదన్నది 100లో ఉన్నాయి. కొన్న సరుకు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు లేకుండా మనమే వాదించుకోవచ్చు. కేసు మాత్రం రెండేళ్ళలోపు వెయ్యాలి.