పాడె మోసినవాళ్ల నవ్వు

మా తాతయ్య పోయినప్పుడు నాకు పదేళ్లు. నూజివీడు దగ్గర పల్లె మాది, ఇంటిని ఆనుకొనే మామిడి తోట. శవాన్ని వాకిట్లో ఉంచి మగవాళ్లంతా పందిరి కింద తెల్లవార్లూ కూర్చున్నారు. నడిజాము దాటాక ఎవరో తాతయ్య కబురొకటి ఎత్తుకున్నారు. తోటలో కలెక్టరు రకం కాయలు కోస్తూ దొరికిపోయిన కుర్రాణ్ణి ఆయన చెట్టు కింద కూర్చోబెట్టి, పచ్చికాయ తింటే పళ్లు పులుస్తాయని అరగంట మందలించి, చివరికి గంపెడు చిన్నరసాలు నెత్తికెత్తి పంపాడట. పందిరంతా పగలబడి నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. లోపలికెళ్లి పెద్దమ్మకు చెప్పాను. ఆవిడ నా తల నిమిరి, "పొద్దున్నే పాడె మొయ్యాల్సింది వాళ్లేరా, నవ్వుకోనీ" అంది.

ఆ మాట లోతు నాకు అమెరికాలో నేనుంటున్న ఇండియానాపొలిస్‌లో తెలిసింది.

ఇది ఇండియానా రాష్ట్ర రాజధాని. ఊరు దాటితే మొక్కజొన్న, సోయా చేలు. కర్ట్ వానెగట్ అనే రచయిత పేరిట ఇక్కడొక మ్యూజియం ఉంది. ఆయన 1922 నవంబరు 11న ఈ ఊళ్లోనే పుట్టాడు. మన రావిశాస్త్రి గారిదీ అదే సంవత్సరం. సారా కేసుల్లో కోర్టుల చుట్టూ తిరిగే పేదల మీద శాస్త్రి గారు రాసిన కథలు చదువుతూ, నవ్వుతూ నవ్వుతూనే గొంతు పూడుకుపోయిన వాళ్లకు వానెగట్ కొత్తవాడు కాదు. శాస్త్రి గారికి కోర్టు ఎలాగో ఈయనకు యుద్ధం అలాగ.

అమెరికా చరిత్ర అంటే మనం బళ్లో వాషింగ్టన్, లింకన్ల గురించి చదువుకున్నాం. యుద్ధానికి వెళ్లొచ్చి నవ్వినవాళ్ల చరిత్ర ఇంకొకటి ఉంది. ఇండియానాలో పెరిగిన ఆంబ్రోస్ బియర్స్ 1861లో అంతర్యుద్ధం మొదలవగానే పద్దెనిమిదేళ్లకే సైన్యంలో చేరాడు. 1864లో తలకు తూటా తగిలినా బతికాడు. ఆయన రాసిన 'చికమాగా' కథలో చెవిటి, మూగ పిల్లాడొకడు కొయ్య కత్తితో యుద్ధం ఆట ఆడుకుంటూ ఉంటాడు. అడవిలో నెత్తురోడుతూ దేకుతున్న సైనికులు కనబడితే వాళ్లూ ఆడుకుంటున్నారనుకుంటాడు. ఒకడి వీపెక్కి గుర్రం సవారీ చెయ్యబోతాడు. కత్తి ఊపుతూ ముందు నడుస్తూ పోయి పోయి, కాలిపోతున్న తన ఇంటి దగ్గరే, చచ్చిపడి ఉన్న తల్లి దగ్గరే ఆగుతాడు. మన పెదవి మీది నవ్వును మనకే నేరంగా చూపిస్తుంది ఆ కథ.

యుద్ధం వద్దని సూటిగా చెప్పినవాళ్లకు ఏం జరిగిందో కూడా చెప్పాలి. ఇదే రాష్ట్రంలోని టెర్రె హాట్ ఊరివాడు, కార్మిక నాయకుడు యూజీన్ డెబ్స్, 1918 జూన్‌లో ఒహాయో రాష్ట్రంలో యుద్ధానికి వ్యతిరేకంగా ఉపన్యసించాడు. పదేళ్ల జైలుశిక్ష వేశారు. 1920లో జైల్లోంచే అధ్యక్ష పదవికి పోటీ చేస్తే తొమ్మిది లక్షల మందికి పైగా ఓటేశారు. మార్క్ ట్వైన్ అంతటివాడు 1905లో రాసిన 'వార్ ప్రేయర్' కూడా ఆయన పోయిన పదమూడేళ్లకు, 1923లో గానీ అచ్చుకాలేదు. మన గెలుపు కోసం దేవుణ్ణి వేడుకోవడమంటే అవతలి ఇంటి నాశనం కోరడమేనని చెప్పిన రచన అది.

రెండో ప్రపంచ యుద్ధం నుంచి వచ్చిన వాళ్లు వ్యంగ్యానికి పదును పెట్టారు. జోసెఫ్ హెల్లర్ బాంబర్ విమానంలో అరవైసార్లు దాడులకు వెళ్లొచ్చినవాడు. 1961లో ఆయన రాసిన 'క్యాచ్-22'లో ఒక నిబంధన ఉంటుంది. పిచ్చివాణ్ణి విమానం ఎక్కించకూడదు. కానీ తనకు పిచ్చి ఉందని వాడే వచ్చి అడగాలి. ప్రాణం మీద తీపితో అడిగాడంటే బుద్ధి సరిగ్గానే ఉన్నట్టు లెక్క, కాబట్టి ఎక్కాల్సిందే. అదే నవలలో మైలో అనే మెస్ ఆఫీసరు గుడ్లు, పత్తి వ్యాపారం చేస్తూ చేస్తూ, శత్రువుతో ఒప్పందం కుదుర్చుకొని సొంత స్థావరం మీదే బాంబులు వేయిస్తాడు. లాభంలో అందరికీ వాటా ఉందంటాడు. ధర లేచినా పడినా దళారీ నష్టపోడని మన మామిడి రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ దళారీ చేతికి బాంబులిస్తే ఏమవుతుందో హెల్లర్ చూపించాడు.

వానెగట్ సంగతి ఇంకా దగ్గరగా చెప్పాలి. 1944 డిసెంబరులో జర్మన్లకు పట్టుబడి డ్రెస్డెన్ నగరానికి చేరాడు. ఖైదీలను ఒక పశువధశాలలో ఉంచారు. 1945 ఫిబ్రవరి 13 రాత్రి బ్రిటిష్ విమానాలు, మర్నాడు అమెరికా విమానాలు ఆ నగరాన్ని తగలబెట్టాయి. పాతిక వేల మంది దాకా చనిపోయారని చరిత్రకారులు లెక్క తేల్చారు. నేలకింద మాంసం నిలవ ఉంచే గదిలో ఉన్నందున ఆయన బతికాడు. తెల్లారాక శిథిలాల్లోంచి శవాలు మోసే పని ఖైదీలకు అప్పగించారు. అప్పుడాయన వయసు ఇరవై రెండు.

ఆ అనుభవం పుస్తకం కావడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. తోటి సైనికుడి భార్య మేరీ ఒహేర్ ఆయన మీద కోప్పడిందట. మీరంతా అప్పుడు పసివాళ్లు, పుస్తకంలో మాత్రం మొనగాళ్లలా రాస్తారు, అది చూసి ఇంకొందరు పిల్లలు యుద్ధానికి పోతారని ఆవిడ బాధ. అలా రాయనని మాటిచ్చి, 1969లో వచ్చిన 'స్లాటర్‌హౌస్-ఫైవ్'కు పిల్లల దండయాత్ర అనే ఉపశీర్షిక పెట్టి, ఆవిడకూ అంకితమిచ్చాడు. వియత్నాంలో ఐదు లక్షల మందికి పైగా అమెరికన్ సైనికులున్న ఏడాది అది. నగరమంతా బూడిదయ్యాక, శిథిలాల్లో దొరికిన టీ పాత్ర తీసుకున్నాడని ఒక బడిపంతులును విచారణ చేసి మరీ కాల్చేస్తారు ఇందులో. ఇంకోచోట కథానాయకుడికి యుద్ధం సినిమా వెనక్కి తిరుగుతూ కనబడుతుంది. మంటలు ముడుచుకొని బాంబుల్లోకి, బాంబులు విమానాల్లోకి, అక్కణ్ణించి ఫ్యాక్టరీలకు, చివరికి ఖనిజాలై భూమిలోకి పోతాయి. చదువుతుంటే ఈదురుగాలికి రాలిన మామిడి పిందెలన్నీ లేచి తిరిగి తొడిమలకు అతుక్కున్నట్టనిపించింది నాకు.

1973లో నార్త్ డకోటాలోని డ్రేక్ అనే ఊళ్లో ఈ నవల ప్రతులను 32 బడి ఫర్నేసులో వేసి కాల్చారు. న్యూయార్క్ రాష్ట్రంలో బడి లైబ్రరీ నుంచి తీసేసిన పుస్తకాల్లో ఇదీ ఒకటి. దాని మీద పిల్లలు వేసిన కేసు 1982లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. భావాలు నచ్చలేదన్న ఒక్క కారణంతో పుస్తకాలు తీసేయడానికి వీల్లేదని అక్కడ పిల్లల పక్షం నెగ్గింది. 2011లో మిస్సోరీలోని ఒక బడి మళ్లీ తీసేస్తే ఇక్కడి వానెగట్ మ్యూజియం ఆ పిల్లలకు 150 ప్రతులు ఉచితంగా ఇస్తానంది. ఈ దేశంలో నాకు బాగా నచ్చింది ఈ పట్టుదల.

ఇక మన సంగతికొస్తే, మనకు తిక్కన గారి భారతంలో స్త్రీపర్వం ఉంది. యుద్ధం ముగిశాక ఆడవాళ్ల ఏడుపును అంత గొప్పగా చెప్పిన కావ్యం ఉన్న భాష మనది. వెళ్లొచ్చిన మగవాళ్ల నవ్వు కూడా మన అచ్చులో కనబడాలి. మనకు పొరుగునే పశ్చిమ గోదావరిలోని మాధవరాన్ని జనం మిలటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరివాళ్లు వెళ్లారు. ఇప్పుడు మన ఊళ్లలో టీవీ ముందు కూర్చొని యుద్ధం కావాలని కేకలేసే కుర్రాళ్లు ఒక్కసారి అలాంటి ఇళ్ల అరుగుల మీద కూర్చోవాలి. పెద్దాయన ఏ మాట దగ్గర నవ్వుతాడో, నవ్వి ఎక్కడ ఆగిపోతాడో చూడాలి. వింటే రాసి పెట్టాలి.

చెట్టు మోయలేక రాల్చుకునే పిందె ఒకటి. గాలివాన రాల్చేది ఒకటి. రెండింటికీ మా నాన్న బాధపడేవాడు గానీ ఎవరినీ తిట్టేవాడు కాదు. కర్రతో కొమ్మలు దులిపి పిందెలు రాల్చిన వాణ్ణి మాత్రం తోట గుమ్మం తొక్కనిచ్చేవాడు కాదు.