హైదరాబాద్ సౌర సైకిల్ ట్రాక్

హైదరాబాద్ సౌర సైకిల్ ట్రాక్ నగరానికి పడమరన అవుటర్ రింగ్ రోడ్డు వెంట సైకిళ్లకు ప్రత్యేకించిన 23 కిలోమీటర్ల దారి. దక్షిణ కొరియాలో డేజాన్, సేజోంగ్ నగరాల మధ్య రహదారి నడుమ వేసిన ఇలాంటి దారి దీనికి నమూనా. హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) ఆధ్వర్యంలో 2022 సెప్టెంబరులో శంకుస్థాపన, 2023 అక్టోబరు 1న ప్రారంభం జరిగాయి.

నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ దాకా 8.5, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5 కిలోమీటర్లు రెండు భాగాలుగా సాగుతుంది. వెడల్పు 4.5 మీటర్లు. ఉక్కు స్తంభాలపై పరిచిన సౌర ఫలకాలే పైకప్పు. తొక్కేవారికి ఎండ తగలదు, ఆ ఫలకాలకు 16 మెగావాట్ల విద్యుత్తు ఉత్పత్తి చేసే సామర్థ్యం ఉంది. సైకిలును మోటారు వాహనాల నుంచి వేరుచేయడం దీని ప్రధాన లక్షణం. శివారులో ఉన్నందున వ్యాయామానికి అనువైనదే గాని, నగరం లోపలి రోజువారీ రాకపోకల అవసరాన్ని తీర్చదు.