39 డిగ్రీలకే పారిస్ ఎందుకు కూలబడింది?

39 డిగ్రీలంటే మన రెంటచింతల వాళ్ళు నవ్వేస్తారు. కానీ 2003 ఆగస్టులో పారిస్ ఆ ఎండకే తట్టుకోలేకపోయింది. ఫ్రాన్స్ మొత్తమ్మీద దాదాపు 15,000 మంది పోయారు.

అదే ఏడు మే, జూన్‌లలో ఆంధ్రప్రదేశ్‌లోనూ వెయ్యిమందికి పైగా వడదెబ్బకి చనిపోయారు. మన దగ్గర ఎండన పడి పనిచేసే కూలీలు ఎక్కువ. అక్కడేమో ఎక్కువమంది 75 దాటిన ముసలివాళ్ళు, ఎండలోకి వెళ్ళనివాళ్ళు.

ఆగస్టు వాళ్ళకి సెలవుల నెల. పిల్లలు ఊళ్ళో లేరు, చాలామంది డాక్టర్లూ లేరు. జింకు రేకుల కప్పు కింది గదులు రాత్రిళ్ళూ చల్లారలేదు. (పిల్లలు డాలస్‌లో, అమ్మానాన్నలు గుంటూరు డాబా ఇంట్లో... మనకీ ఇది కొత్తేం కాదు లెండి.) శవాలకి చోటు చాలక రుంగిస్ టోకు మార్కెట్లోని కోల్డ్ స్టోరేజీ వాడారు. నావాళ్ళంటూ ఎవరూ రాని 57 మందిని సెప్టెంబరు 3న తియేలో పాతిపెట్టారు. అధ్యక్షుడు షిరాక్ వచ్చాడు.

2004 నుంచి అక్కడి మునిసిపాలిటీలు ఒంటరి ముసలివాళ్ళ జాబితా పెట్టుకుంటున్నాయి. ఎండ ముదిరితే ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడుగుతారు. బలవంతమేం లేదు, పేరు వాళ్ళే ఇచ్చుకోవచ్చు, పిల్లలైనా రాయించొచ్చు.