బంగ్లాదేశ్ అగ్ని, భవన భద్రతా ఒప్పందం

బంగ్లాదేశ్ అగ్ని, భవన భద్రతా ఒప్పందం అనునది ఆ దేశములోని రెడీమేడ్ దుస్తుల కర్మాగారాలలో కార్మికుల ప్రాణరక్షణకై 2013 మే నెలలో కుదిరిన ఒడంబడిక. దీనిని అకార్డ్ అని కూడా వ్యవహరిస్తారు. వర్ధమాన దేశాలలో తయారై విదేశాలకు పోయే సరుకుల విషయములో కార్మిక ప్రమాణాలను ఎవరు నిర్ణయిస్తారు అను చర్చలో దీనిని తరచుగా ఉదహరిస్తారు.

నేపథ్యము

ఢాకా సమీపములోని సావర్‌లో రాణా ప్లాజా అను ఎనిమిది అంతస్తుల భవనములో ఐదు దుస్తుల కర్మాగారాలు ఉండేవి. 2013 ఏప్రిల్ 23న ఆ భవనములో బీటలు కనిపించాయి. కింది అంతస్తులలోని బ్యాంకును, దుకాణాలను మూసివేశారు. దుస్తుల కార్మికులను మాత్రం మరునాడు పనిలోకి రమ్మన్నారు. ఆ ఉదయమే భవనం కూలి 1,100 మందికి పైగా మరణించారు. అప్పటికి ఐదు నెలల క్రితమే, 2012 నవంబరులో, తజ్రీన్ కర్మాగారములో జరిగిన అగ్నిప్రమాదములో 110 మందికి పైగా చనిపోయారు.

అంతవరకు విదేశీ కంపెనీలు ఎవరికి వారు నియమావళులు వ్రాసుకొని, ప్రైవేటు తనిఖీదారులను పంపేవి. రాణా ప్లాజాలోని కొన్ని కర్మాగారాలకు కూడా ఇటువంటి తనిఖీలు జరిగినవి. అయితే కట్టడపు దృఢత్వమును పరీక్షించుట వాటి పరిధిలో లేదు!

స్వరూపము

ఇండస్ట్రియాల్, యూని అను రెండు అంతర్జాతీయ కార్మిక సమాఖ్యలు, స్థానిక కార్మిక సంఘాలు ఒకవైపు, హెచ్ అండ్ ఎం, ఇండిటెక్స్ వంటి కొనుగోలు కంపెనీలు మరొకవైపు సంతకాలు చేశాయి. కంపెనీల సంఖ్య తరువాత 200 దాటినది. నిర్వాహక సంఘములో ఇరుపక్షాలకు సమాన ప్రాతినిధ్యం ఇచ్చి, అధ్యక్ష స్థానమును అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రతినిధికి వదిలారు. మాట తప్పిన కంపెనీపై మధ్యవర్తి తీర్పును కోరి, దానిని న్యాయస్థానం ద్వారా అమలు చేయించవచ్చును. స్వచ్ఛంద నియమావళులకు, దీనికి గల అసలు తేడా ఇదే. 2016లో కార్మిక సమాఖ్యలు రెండు కంపెనీలపై హేగ్‌లోని శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానమును ఆశ్రయించగా, ఆ వివాదాలు తరువాత రాజీతో ముగిసినవి. ప్రమాదమున్నదని తోచినప్పుడు భవనములోనికి రాననే హక్కును కూడా ఒప్పందం కార్మికులకు గుర్తించినది. సావర్‌లో ఆనాడు కరవైనది ఆ హక్కే.

వాల్‌మార్ట్, గ్యాప్ మొదలైన ఉత్తర అమెరికా కంపెనీలు ఇందులో చేరక, అదే సంవత్సరం జూలైలో అలయన్స్ అను వేరొక ఏర్పాటు చేసుకొన్నవి. అది 2018తో ముగిసినది.

తరువాతి పరిణామాలు

తలుపులు, మెట్లు, స్తంభాలు బాగుచేయించే ఖర్చు తమపై పడుతున్నా కొనుగోలుదారులు ధర పెంచడం లేదని, విదేశీ సంస్థ తమపై పెత్తనం చేయుచున్నదని కర్మాగారాల యజమానులు ఆక్షేపించారు. 2020 జూన్‌లో తనిఖీ బాధ్యత యజమానులకు కూడా స్థానమున్న స్థానిక మండలికి బదిలీ అయినది. 2021 సెప్టెంబరులో అంతర్జాతీయ ఒప్పందం మొదలై, 2023లో పాకిస్తాన్‌కు విస్తరించినది.

వేతనాలు మాత్రం ఈ ఒప్పందాల పరిధిలోనికి రాలేదు. వాటిని ప్రభుత్వ వేతన మండలి నిర్ణయిస్తుంది. 2023లో కార్మికులు నెలకు 23,000 టాకాలు కోరుతూ వీధులకెక్కగా, కనీస వేతనమును 8,000 నుండి 12,500 టాకాలకు పెంచారు.