తీరం దాటిన తుపాను రాయ్‌పూర్ దాకా ఎలా వస్తుంది?

ఛత్తీస్‌గఢ్‌కు సముద్ర తీరం లేదు. రాజధాని రాయ్‌పూర్ విశాఖపట్నానికి నేరుగా 400 కిలోమీటర్లకు పైగా దూరంలో, తూర్పు కనుమలకు ఆవల ఉంది. అయినా బంగాళాఖాతంలో పుట్టే తుపానుల ప్రభావం ఈ మైదానాన్ని తరచుగా తాకుతూనే ఉంటుంది. అది కూడా వరి కోతల వేళ కావడంతో, ఇక్కడి రైతులకు తుపాను వార్త తీరవాసుల కథ మాత్రమే కాదు.

తుపాను పుట్టుక

తుపానుకు ఇంధనం వెచ్చని సముద్ర జలం. ఉపరితలం నుంచి సుమారు 50 మీటర్ల లోతు వరకు నీటి ఉష్ణోగ్రత 26.5 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించి ఉండాలి. ఆ నీటి నుంచి లేచిన ఆవిరి పైకి వెళ్లి మేఘంగా ఘనీభవించేటప్పుడు తనలో దాగిన వేడిని విడుదల చేస్తుంది. ఆ వేడికి గాలి మరింత పైకి లేస్తుంది. కింద పీడనం తగ్గి, చుట్టుపక్కల తేమ గాలులు లోపలికి దూసుకువస్తాయి. భూభ్రమణం కారణంగా అవి నేరుగా కేంద్రానికి చేరక, ఉత్తరార్ధగోళంలో గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలో సుడి తిరుగుతాయి. భూమధ్యరేఖకు మరీ చేరువలో ఈ తిప్పే బలం చాలదు కనుక అక్కడ తుపానులు అరుదు.

మన సముద్రాల్లో తుపానులకు రెండు కాలాలున్నాయి. ఒకటి ఏప్రిల్ నుంచి జూన్ వరకు, రెండవది అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు. మధ్యలో నైరుతి రుతుపవనాలు బలంగా వీచే నెలల్లో కింది గాలులకు, పై గాలులకు వేగంలోనూ దిశలోనూ తేడా ఎక్కువ. ఆ తేడా సుడిని నిలువునా చెదరగొడుతుంది. అందువల్ల ఆ నెలల్లో వాయుగుండాలు ఏర్పడినా అవి తుపానులుగా మారడం అరుదు. ఇదే వాతావరణ వ్యవస్థను అట్లాంటిక్‌లో హరికేన్ అనీ, పశ్చిమ పసిఫిక్‌లో టైఫూన్ అనీ అంటారు.

బలపడే మెట్లు

భారత వాతావరణ శాఖ గాలి వేగాన్ని బట్టి ఈ వ్యవస్థలను వర్గీకరిస్తుంది. గంటకు 31 కిలోమీటర్ల లోపు ఉంటే అల్పపీడనం. 31 నుంచి 49 వరకు వాయుగుండం, 50 నుంచి 61 వరకు తీవ్ర వాయుగుండం. వేగం 62 కిలోమీటర్లకు చేరితే తుపాను. అప్పుడే దానికి పేరు పెడతారు. 89 దాటితే తీవ్ర తుపాను, 118 దాటితే అతి తీవ్ర తుపాను. 220 మించితే సూపర్ సైక్లోన్. 1999 అక్టోబర్ 29న ఒడిశాను ముంచెత్తినది ఈ చివరి కోవకు చెందినదే.

బంగాళాఖాతానికి ఒక ప్రత్యేకత ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి తెచ్చే మంచినీరు ఉప్పునీటిపై తేలికైన పొరగా పరుచుకుంటుంది. దానివల్ల అడుగున ఉన్న చల్లని నీరు సులువుగా పైకి రాదు. ఉపరితలం వెచ్చగానే ఉండి తుపానుకు బలమిస్తుంది.

బలహీనపడే తీరు

తీరం దాటగానే తుపానుకు ఆవిరి సరఫరా తగ్గిపోతుంది. కొండలు, అడవులు, భవనాల రాపిడికి గాలి వేగం పడిపోతుంది. కొన్ని గంటల్లోనే తుపాను వాయుగుండంగా, ఆపై అల్పపీడనంగా దిగజారుతుంది. కాని గాలి తగ్గినంత త్వరగా వాన తగ్గదు. పైన మోసుకొచ్చిన తేమ అలాగే ఉంటుంది. లోతట్టు ప్రాంతాలకు అసలు ముప్పు అదే.

2014 నాటి హుద్‌హుద్ ఇందుకు ఉదాహరణ. అక్టోబర్ 7న అండమాన్ సముద్రంలో వాయుగుండంగా మొదలై, 12న మధ్యాహ్న వేళ విశాఖపట్నం వద్ద గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలులతో తీరం దాటింది. అక్కడి నుంచి ఛత్తీస్‌గఢ్ మీదుగా ఉత్తరానికి సాగుతూ బలహీనపడింది. అయినా దాని తేమ హిమాలయాల్ని చేరి 14న నేపాల్‌లోని అన్నపూర్ణ ప్రాంతంలో భారీ మంచుతుపానును కురిపించింది. అక్కడ 40 మందికి పైగా మరణించారు.

భూమిపై బలహీనపడినంత మాత్రాన తుపాను కథ ముగిసినట్లు కాదని 2021లో గులాబ్ చూపింది. సెప్టెంబర్ 26న కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటి, దక్కను మీదుగా పడమటికి సాగింది. అవశేషం అరేబియా సముద్రంలో మళ్లీ వెచ్చని నీటిని అందుకొని షాహీన్ అనే కొత్త పేరుతో తుపానై, ఒమన్ తీరాన్ని తాకింది.

వాన ఇక్కడ, వరద అక్కడ

ఛత్తీస్‌గఢ్‌లో కురిసిన నీరు ఇక్కడే ఆగదు. రాయ్‌పూర్ మైదానపు నీరు మహానది ద్వారా ఒడిశాలోని హిరాకుడ్ జలాశయానికి చేరుతుంది. బస్తర్ నీరు ఇంద్రావతి, శబరి నదుల ద్వారా గోదావరిలో కలుస్తుంది. అందుకే ఎగువన భారీ వర్షాలు కురిస్తే దిగువన తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని గోదావరి తీర గ్రామాలు కూడా అప్రమత్తం కావలసి వస్తుంది.

పొలాల్లో నష్టం మరో తీరుగా ఉంటుంది. పాలు పోసుకొనే దశలోని చేను గాలికి పడిపోతే గింజ తాలు అవుతుంది. కోసిన పనలు నీట మునిగితే గింజ రంగు మారి మొలకెత్తుతుంది. కొనుగోలు కేంద్రంలో తేమ ఎక్కువన్న కారణంతో ధాన్యం తిరస్కరణకు గురికావచ్చు. వాన సూచన ఉన్నప్పుడు కోత వాయిదా వేయడం, కోసినదాన్ని ఎత్తైన చోట కుప్ప వేసి టార్పాలిన్ కప్పడం, పొలం గట్లకు గండ్లు పెట్టి నీరు పోయే దారి చేయడం మేలు.

లోతట్టువారు గమనించవలసిన హెచ్చరిక

వాతావరణ శాఖ తుపాను హెచ్చరికలను నాలుగు దశల్లో జారీ చేస్తుంది. మొదటి మూడు ప్రధానంగా తీరప్రాంతానికి సంబంధించినవి. నాలుగవది తీరం దాటిన తర్వాతి సూచన. తుపాను తీరం దాటడానికి కనీసం 12 గంటల ముందు వెలువడే ఈ ప్రకటనలో, వ్యవస్థ ఏ దిశగా సాగుతుందో, లోపలి జిల్లాల్లో ఎలాంటి వాతావరణం ఉండవచ్చో వివరిస్తారు. రాయ్‌పూర్ వాతావరణ కేంద్రం జిల్లాలవారీగా పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో సూచనలు ఇస్తుంది. పసుపు అంటే గమనిస్తూ ఉండాలి, నారింజ అంటే సిద్ధంగా ఉండాలి, ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోవాలి. తుపాను తీరం దాటిందన్న వార్త విన్న తర్వాత రేడియో కట్టేయకుండా, మరో రెండు రోజులు ఈ సూచనలను అనుసరించడం లోతట్టు జిల్లాల ప్రజలకు ఎంతో అవసరం.